రిటైరవ్వని తాతగారి భాష

కంప్యూటర్‌ కోర్సు అనగానే ఇంట్లో మొదట వచ్చే ప్రశ్న... ‘ఇప్పుడు ఏది నడుస్తోంది?’ పైథాన్‌, జావా అని వెంటనే జవాబు వస్తుంది. ఫోర్‌ట్రాన్‌ అంటే మాత్రం ‘అదింకా ఉందా?’ అంటారు. ఉంది. విశాఖవాసులకు అది చేసిన మేలు తక్కువేం కాదు!

2014 అక్టోబరు 12న హుద్‌హుద్‌ తుపాను విశాఖ దగ్గరే తీరం దాటింది. ఆ ముప్పు గురించి వాతావరణ శాఖ ముందే హెచ్చరించబట్టి వేలాదిమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించగలిగారు. అలాంటి అంచనాలకు వాడే జీఎఫ్‌ఎస్‌, డబ్ల్యూఆర్‌ఎఫ్‌ ప్రోగ్రాముల్లో లెక్కల భాగం ఎక్కువగా ఫోర్‌ట్రాన్‌లో రాసిందే. 1957లో ఐబీఎంలో జాన్‌ బాకస్‌ బృందం తెచ్చిన భాష అది.

ఇన్నేళ్లయినా ఎందుకు వదల్లేదంటారా? తుపానును అంచనా వేయాలంటే వాతావరణాన్ని లక్షల గళ్లుగా విడగొట్టి, ఒక్కో గడిలో గాలి, తేమ, వేడి ఎలా మారతాయో లెక్కగట్టాలి. బారులు తీరిన అంకెల మీద వేగంగా లెక్కలు చేయడం ఫోర్‌ట్రాన్‌కు వెన్నతో పెట్టిన విద్య. పైగా ఏళ్ల తరబడి పరీక్షించి చూసిన ప్రోగ్రాములవి. వేరే భాషలోకి మారిస్తే ప్రతి లెక్కా మళ్లీ సరిచూసుకోవాలి. ఎక్కడ తప్పు దొర్లినా ముప్పు తీరంలోని వారికే.

రైలు టికెట్టుదీ ఇదే కథ. గోపాలపట్నంలోని సింహాచలం స్టేషన్లో బండెక్కేవారికి బెర్తు ఖాయం చేసే వ్యవస్థ వెనక ఉన్నది ‘కన్సర్ట్‌’. రైల్వేకి చెందిన ‘క్రిస్‌’ దాన్ని సీ, ఫోర్‌ట్రాన్‌ భాషల్లో తయారుచేసింది. తొలిసారి అమలైంది 1994లో, మన సికింద్రాబాద్‌లోనే. ఈ రిజర్వేషన్‌ వ్యవస్థను ఆధునికీకరిస్తున్నట్టు 2025లో రైల్వే శాఖ ప్రకటించింది. మార్చాలన్నా పాతది చదవగలిగినవాళ్లు కావాలి కదా!

అందుకే ఈ భాషను కాపాడుకునేందుకు 2020లో వివిధ దేశాల ప్రోగ్రామర్లు ‘ఫోర్‌ట్రాన్‌-లాంగ్‌’ పేరుతో ఆన్‌లైన్లో ఒక్కటయ్యారు. అందరూ ఉచితంగా వాడుకునే ఉపకరణాలు తయారుచేస్తున్నారు. కొత్తవాళ్ల సందేహాలూ తీరుస్తున్నారు. 2023లో భాషకు కొత్త ప్రమాణం కూడా వచ్చింది.

అలాగని పిల్లల్ని పైథాన్‌ మాన్పించక్కర్లేదు. ఉద్యోగాలు ఎక్కువ ఉన్నది కొత్త భాషల్లోనే. కానీ ఫిజిక్స్‌, వాతావరణం, ఇంజినీరింగ్‌ పరిశోధనల మీద ఆసక్తి ఉన్న పిల్లలు ఫోర్‌ట్రాన్‌నీ ఓసారి పలకరిస్తే మంచిది. కంపైలర్‌ ఉచితంగానే దొరుకుతుంది.

ఈసారి ‘ఏది నడుస్తోంది?’ అని అడిగినప్పుడు, ‘అది దేని మీద నడుస్తోంది?’ అని కూడా అడగమనండి.