గాజు పొయ్యిలో పంది మాంసం

ప్రశ్న: మాది కృష్ణా జిల్లా ఘంటసాల మండలం శ్రీకాకుళం. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దవాడు హాలోజన్ ఓవెన్ అని, గాజు గిన్నెలాంటి కరెంటు పొయ్యి కొని పంపించాడు. క్రిస్మస్‌కి అందులో కిలో పంది మాంసం ఒకే ముక్కగా పెట్టి కాల్చాను. పైన బంగారు రంగులో వేగింది గాని, కోస్తే లోపల ఎర్రగానే ఉంది. పండగ పూట పారెయ్యలేక తినేశాం. మా పధ్నాలుగేళ్ళ అమ్మాయి మాత్రం ముట్టలేదు. ఆ పిల్ల పంది మాంసం ఎప్పుడూ తినదు. ఫిబ్రవరిలో దానికే ఫిట్స్ వచ్చాయి. మచిలీపట్నం తీసుకువెళ్ళి స్కానింగు చేయిస్తే మెదడులో పురుగు తిత్తి ఉందన్నారు. మందులు వాడుతున్నాం. నేను ఇంట్లో పంది మాంసం వండబట్టే ఇలా జరిగిందని మా అత్తగారు రోజూ అంటున్నారు. ఓవెన్ అటక ఎక్కించాను. తప్పు నాదేనా డాక్టరుగారూ? ఇక ఆ మాంసం మానెయ్యాలా?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ క్రిస్మస్ వంటకీ, మీ అమ్మాయి ఫిట్స్‌కీ సంబంధం లేదు. ఈ మాట మీ అత్తగారికి కూడా చదివి వినిపించండి. అయితే సగం కాలిన మాంసం తినడం మంచి పని కాదు. అది వేరే లెక్క. ఈ రెండింటినీ కలిపేసి చదువుకున్నవాళ్ళు కూడా తలకిందులుగా చెబుతుంటారు గనుక కాస్త వివరంగా రాస్తున్నాను.

పంది మాంసంలో ఉండే తిత్తిని మనిషి సరిగా ఉడకకుండా తింటే, అది పేగులోకి వెళ్ళి బద్దెపురుగు అవుతుంది. రెండు మూడు గజాల పొడవు పెరుగుతుంది. అది ఉన్న మనిషికి పెద్ద బాధేమీ ఉండకపోవచ్చు. కాస్త కడుపునొప్పి, అజీర్ణం, ఒక్కోసారి విరేచనంలో సొరగింజల్లాంటి తెల్లని ముక్కలు, అంతే. ఈ పురుగు పేగులోనే ఉంటుంది. మెదడుకి ఎక్కదు. దాని గుడ్లు మాత్రం ఆ మనిషి విరేచనంలో వేల సంఖ్యలో బయటికి వస్తాయి. ఆ గుడ్లు ఎవరి నోట్లోనైనా పడితే వాళ్ళ కండల్లోకీ, కంట్లోకీ, మెదడులోకీ చేరి తిత్తులు కడతాయి. మెదడులో కట్టినప్పుడు ఫిట్స్ వస్తాయి. అంటే మాంసం తింటే వచ్చేది పేగులో పురుగు. మెదడులో తిత్తి వచ్చేది మనిషి మలం తాలూకు గుడ్ల వల్ల. కడగని చేతులు, మురికి నీళ్ళు, పచ్చి కూరలు వీటికి దారి. పుట్టి బుద్ధెరిగాక గుడ్డు కూడా ముట్టని శాకాహారులకీ ఈ జబ్బు వస్తుంది.

దీనికి ఒక తమాషా ఉదాహరణ ఉంది. పంది మాంసాన్ని మతరీత్యా నిషేధించుకున్న న్యూయార్కు యూదుల కుటుంబాల్లో కొందరికి మెదడులో ఈ తిత్తులే కనిపించాయి. 1992లో అక్కడి వైద్యులు ఆ సంగతి ప్రచురించారు. విచారిస్తే, లాటిన్ అమెరికా దేశాల నుంచి వచ్చి ఆ ఇళ్ళలో పనిచేసేవాళ్ళ ద్వారా గుడ్లు చేరి ఉంటాయని తేలింది. వంట చేసే చేతులు శుభ్రంగా లేకపోతే, వండేది పప్పయినా ఒకటే.

ఇక తేదీల సంగతి. తిన్న తిత్తి పేగులో పెద్ద పురుగై గుడ్లు విడవడానికే రెండు నెలలు పడుతుంది. ఆ గుడ్డు ఇంకొకరి మెదడులో తిత్తి కట్టడానికి మరి కొన్ని నెలలు. ఆ తిత్తి చాలాకాలం ఊరుకుని, చచ్చేటప్పుడు వాపు తెచ్చి ఫిట్స్ పుట్టిస్తుంది. ఇండియాలో పనిచేసి వెళ్ళిన బ్రిటిష్ సైనికులు 450 మందిని పరిశీలించి 1961లో ఒక నివేదిక వేశారు. వాళ్ళలో ఎక్కువమందికి జబ్బు అంటిన కొన్నేళ్ళకు గాని ఫిట్స్ మొదలు కాలేదు. డిసెంబరులో తిన్న మాంసం ఫిబ్రవరిలో ఇంకొకరి తలకెక్కడం జరిగే పని కాదు. మీ అమ్మాయికి ఆ గుడ్డు చేరింది ఎప్పుడో వెనక. బడి దగ్గర తిన్న చిరుతిండి వల్లనో, చెరువు నీళ్ళ వల్లనో, ఇంట్లోనే ఎవరి చేతి నుంచో ఇప్పుడు చెప్పలేం.

"ఇంట్లోనే" అన్న మాట ఊరికే రాయలేదు. మీ ఇంట్లో ఎవరి పేగులోనైనా బద్దెపురుగు ఉంటే, వాళ్ళ వల్ల మిగిలినవాళ్ళకి ప్రమాదం. అందుకని మీరు, మీ వారు, అత్తగారు, ఇంట్లో వంటలో చెయ్యిపెట్టే ప్రతివారూ విరేచనం పరీక్ష చేయించుకోండి. ఒక్కసారి చేస్తే గుడ్లు దొరక్కపోవచ్చు, వేరువేరు రోజుల్లో మూడుసార్లు ఇవ్వండి. క్రిస్మస్‌నాడు తిన్నవాళ్ళకి కూడా ఇప్పుడే చేయిస్తే సరిపోతుంది. పురుగు ఉందని తేలితే మందు తేలికే. కాని మందుల షాపులో అడిగి కొనుక్కుని మింగకండి. మెదడులో తెలియని తిత్తి ఉన్నవాళ్ళు ఆ మందు మింగితే అప్పటికప్పుడు ఫిట్స్ రావచ్చు. డాక్టరు చూసి ఇవ్వాలి.

అమ్మాయి విషయంలో భయపడకండి. ఇలా ఒక్క మచ్చ స్కానింగులో కనిపిస్తే ఒకప్పుడు మన దేశంలో క్షయ గడ్డ అనుకుని ఏడాదికి పైగా టీబీ మందులు వాడేవారు. అవి చాలావరకు చనిపోతున్న పురుగు తిత్తులేనని 1980ల చివర వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల వైద్యులు నిరూపించారు. ఒక్క తిత్తి ఉన్నవాళ్ళలో చాలామందికి అది కొన్ని నెలల్లో కరిగిపోతుంది. పురుగును చంపే మందు ఇస్తే దానితోపాటు వాపు తగ్గే మందు కూడా ఇస్తారు. ముందుగా కంట్లో తిత్తి లేదని చూస్తారు. ఫిట్స్ మాత్రలు మాత్రం ఒక్కపూట కూడా మానకూడదు. "ఇప్పుడు బాగానే ఉంది కదా" అని మానేసి మళ్ళీ ఫిట్స్‌తో వచ్చేవాళ్ళు ఎంతమందో. ఎప్పుడు ఆపాలో మళ్ళీ స్కాన్ చూసి డాక్టరే చెబుతారు.

పిల్లని బడికి పంపండి. అయితే మీ ఊరు కృష్ణ ఒడ్డున ఉంది గనుక, ఏటి స్నానానికీ కాలవ రేవుకీ ఒంటరిగా వెళ్ళనివ్వకండి. ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్ళు పొయ్యడం వద్దు. అయిదు నిమిషాలకి తగ్గకపోతే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఇప్పుడు అటక మీది ఓవెన్ సంగతి. అందులో దోషం లేదు, దాని తీరు తెలుసుకోవాలి. మూతలో ఉన్న హాలోజన్ దీపం వేడిని కిందికి కొడుతుంది, ఫ్యాను ఆ గాలిని గిన్నెలో తిప్పుతుంది. దీపానికి దగ్గరగా ఉన్న పైభాగం త్వరగా ఎర్రబడుతుంది. మందపాటి ముక్క నడిమికి వేడి నెమ్మదిగా చేరుతుంది. పైరంగు చూసి దించేస్తే మీకు జరిగినట్టే జరుగుతుంది. పైగా ఓవెన్‌తో వచ్చే పుస్తకంలో రాసిన నిమిషాలు 230 వోల్టులకి లెక్క. మన ఊళ్ళలో సాయంత్రం పూట కరెంటు 180కి పడిపోతే, దీపం ఇచ్చే వేడి సుమారు మూడోవంతు తగ్గుతుంది. గడియారం మాత్రం మామూలుగానే తిరుగుతుంది!

అందువల్ల నమ్మవలసింది గడియారాన్ని కాదు, మాంసం నడిమిలోని వేడిని. మాంసంలో గుచ్చే థర్మామీటరు దొరుకుతుంది (జ్వరం చూసేది కాదు సుమా, అది 42 డిగ్రీలు దాటదు). ముక్కలో అన్నిటికన్నా మందమైనచోట, ఎముకకి తగలకుండా గుచ్చి చూడండి. అమెరికా ప్రభుత్వం ముక్కకి 63 డిగ్రీల సెంటిగ్రేడు, దించాక మూడు నిమిషాలు ఆగడం చాలంటుంది. ఖీమాకైతే 71 డిగ్రీలు. ఊరి వీధుల్లో తిరిగిన పంది మాంసానికి, ముక్కయినా సరే, 71 దాటించమని నా సలహా.

థర్మామీటరు లేదంటారా, మన ప్రెషర్ కుక్కరు ఉండనే ఉంది. మాంసాన్ని రెండంగుళాల ముక్కలు చేసి, అల్లంవెల్లుల్లి, ఉప్పు, పసుపు పట్టించి కుక్కరులో మెత్తగా ఉడికించండి. నీరు వార్చి, తడి తుడిచి, అప్పుడు ఓవెన్‌లో కింది జాలీ మీద పరచి 200 డిగ్రీల మీద పదిహేను ఇరవై నిమిషాలు పెట్టండి. పైన కరకరలాడుతుంది, లోపల భయం ఉండదు. వార్చిన నీరు చారుకి పనికొస్తుంది. వేడి గాజుగిన్నెలో చన్నీళ్ళు పొయ్యకండి, పగులుతుంది. ప్లగ్గు 16 ఆంపియర్ల పాయింటులోనే పెట్టండి. పచ్చి మాంసం కోసిన కత్తితో, పలకతో కొత్తిమీర తరగకండి.

కొనేటప్పుడు కూడా చూడాలి. మాంసం పొరల్లో సగ్గుబియ్యం గింజల్లా తెల్లని నీటిబుడగలు కనిపిస్తే అది కొనకండి. కొన్నాక కనిపిస్తే లోతుగా పాతిపెట్టండి. కొద్దిగా ఉన్నవి కంటికి కనపడవు గనుక ఉడికించడమే దిక్కు. ఫ్రీజరులో సున్నాకి కింద 15 డిగ్రీల్లో మూడురోజులు ఉంచితే తిత్తులు చస్తాయి గాని, కరెంటు పోయే ఇళ్ళలో దాన్ని నమ్ముకోలేం. ఉప్పూకారం ఉన్నాయి గదా అని పచ్చి ముక్కలు ఊరవెయ్యడం కూడా వద్దు.

పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఒకప్పుడు మన గన్నవరంలోనే ప్రభుత్వ బేకన్ ఫ్యాక్టరీ నడిచింది. కట్టడిలో దాణా మీద పెంచిన సీమపందికి ఈ తిత్తులు సాధారణంగా రావు. పందికి ఈ జబ్బు అంటించేది మనిషే. కాలవగట్టు మీదా పొలం గట్టు మీదా దొడ్డికి కూర్చోవడం మానితే పందికి రాదు, పందికి రాకపోతే మనకి రాదు. మీ ఇంట్లో మరుగుదొడ్డి ఉంటే చిన్నపిల్లలతో సహా అందరూ దాన్నే వాడుతున్నారా చూడండి. దొడ్డికి వెళ్ళొచ్చాకా, వంటకి ముందూ చేతులు గోళ్ళతో సహా సబ్బుతో కడగాలి. చెరువు నీళ్ళు కాచి తాగండి. బ్లీచింగు పొడి ఈ గుడ్లని చంపదు. పచ్చిగా తినే ఉల్లికాడలూ కీరాదోసా పారే నీళ్ళలో కడగండి.

మాంసం మానెయ్యమని నేను చెప్పను. ఓవెన్ అటక దించుకోండి. ముందు విరేచనం పరీక్షలు చేయించుకుని, ఫలితాలు వచ్చాక మళ్ళీ రాయండి.