మౌస్ పిల్లల చేతికి! మాట ఊరందరికీ!

  

బడిలో కొత్త గది కడతారు. ప్రహరీ లేపుతారు. మరుగుదొడ్లు ఏ మూలన ఉండాలో ఎవరో తేలుస్తారు. రోజంతా అక్కడే గడిపే పిల్లలను అడగరు. కన్నతల్లులనూ అడగరు. అడిగినా, గీతలతో నిండిన ప్లాను కాగితం ముందు పెడితే మనలో ఎంతమందికి అర్థమవుతుంది? తలూపి ఇంటికొస్తున్నాం. కట్టేశాక బాధపడుతున్నాం.

ప్లాను చదవడం రాకపోయినా మన మాట చెప్పే దారి ఒకటుంది. అది పిల్లలు ఆడే ఆటలోనే ఉంది.

మైన్‌క్రాఫ్ట్ అనే కంప్యూటర్ గేమ్‌లో దిమ్మ మీద దిమ్మ పేర్చి ఇళ్లు, వీధులు, చెరువులు కట్టొచ్చు. కట్టిన చోట నడిచి తిరగొచ్చు. 2012లో ఐక్యరాజ్యసమితికి చెందిన యుఎన్-హాబిటాట్, ఆ గేమ్ తయారుచేసిన స్వీడన్ కంపెనీ మోజాంగ్ కలిసి ‘బ్లాక్ బై బ్లాక్’ అనే పని మొదలుపెట్టాయి. అందులో బస్తీ జనం ముందుగా, మార్చాల్సిన జాగాను కాలినడకన చూస్తారు. ఒక్కో కంప్యూటర్ దగ్గర కొద్దిమంది కూర్చుని, తమకు కావలసినట్టు దాన్ని ఆటలో కడతారు. తర్వాత అధికారుల ముందు పెట్టి మాట్లాడతారు. కెన్యా రాజధాని నైరోబీలోని పేదల బస్తీ కిబేరాలో ఆటస్థలం కోసం ఇలాగే చేశారు. హైతీ దేశపు లే కాయ్ పట్నంలో మత్స్యకారులు కూడా ఈ పనికి కూర్చున్నారు. వియత్నాంలో హనోయ్ శివార్లలోని కిమ్ చుంగ్‌లో ఆడపిల్లలు, తాము తిరిగే వీధుల్లో ఎక్కడ భయమేస్తుందో, అక్కడ ఏం మారాలో ఆటలో కట్టి చూపించారు. ఈ ముచ్చట మన ప్రతి బడిలో జరగాలని మా కోరిక. మన ఆడపిల్లలకు భయం కలిగించే సందు ఏదో వాళ్లకే తెలుసు!

‘ఆటలతో చదువు పాడవుతుంది’ అని భయపడే తల్లిదండ్రులకు ఒక మాట. మీ భయం న్యాయమైనదే. డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటలు ఇళ్లు ముంచాయి. వాటిని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. మేం అడిగేది ఆ పందేల ఆట కాదు. టీచరు దగ్గరుండి, పీరియడ్ లెక్కన, పదిమంది కలిసి కట్టే ఆట అడుగుతున్నాం.

అందులో ఎంత చదువుందో చూడండి. ఆటలో ఒక దిమ్మ అంటే ఒక ఘనమీటరు. అంటే వెయ్యి లీటర్లు. బడి స్లాబు వంద చదరపు మీటర్లు ఉందనుకుందాం. దాని మీద ఒక సెంటీమీటరు వాన కురిస్తే సరిగ్గా ఒక దిమ్మంత నీళ్లు! ఆ నీళ్లు నిలవడానికి మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు గుంత తవ్వితే పన్నెండు వేల లీటర్లు పడతాయి. ఆ లెక్క నల్లబల్ల మీద చూసి మరిచిపోయే పిల్ల, ఆటలో తన చేత్తో గుంత తవ్వి నింపితే మరిచిపోదు. అరుగు అర మీటరు ఎత్తుంటే చక్రాల కుర్చీకి ఆరు మీటర్ల వాలు కావాలి, ఒకటికి పన్నెండు చొప్పున. ఆ ఆరు మీటర్లకు వరండా ముందు చోటు చాలుతుందా? టేపు పట్టుకుని కొలవాల్సిందే. వాలు, నిష్పత్తి, ఘనపరిమాణం అన్నీ ఎండలో నిలబడి నేర్చుకుంటారు. కొలవకుండా కట్టిన ఆట మనకు అక్కర్లేదు.

ఖర్చు సంగతి. మైన్‌క్రాఫ్ట్ కొనాలి. అలాగే దిమ్మలతో కట్టే లువాంటి అనే గేమ్ ఉచితం. దాని పాత పేరు మైన్‌టెస్ట్. పాత కంప్యూటర్ల మీదా నడుస్తుంది. ల్యాబ్‌లో ఒక కంప్యూటర్‌కు మిగతావి కలిపితే చాలు, ఇంటర్నెట్ లేకున్నా అందరూ ఒకే చోట కట్టుకోవచ్చు. తాళం వేసి దుమ్ము పట్టించిన కంప్యూటర్ గది తెరిపించడమే అసలు పని.

అధికారం కూడా మన చేతిలోనే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక తయారుచేయడం ఆ కమిటీ పని. మన ఊళ్లో కమిటీని ఏ పేరుతో పిలిచినా సరే, ప్రణాళిక రాసే ముందు పిల్లలు కట్టిన బడిని తెర మీద చూడాలని, అందులో ఏది ఎందుకు కుదరదో పిల్లలకే చెప్పాలని మేం కోరుతున్నాం. ఊరి చెరువు గట్టు, అంగన్‌వాడీ, బస్టాపు సంగతి వచ్చినప్పుడు గ్రామసభలోనూ ఇదే జరగాలి. నానమ్మ పక్కన కూర్చుని చెబుతుంది, మనవరాలు కడుతుంది.

కమిటీలో ఉన్న అమ్మలారా! వచ్చే సమావేశంలో ఈ విషయం చర్చకు పెట్టించండి, మినిట్స్‌లో రాయించండి. హెడ్‌మాస్టరు గారూ! ల్యాబ్ తాళం, వారానికి రెండు పీరియడ్లు ఇప్పించండి. కంప్యూటర్ తెలిసిన పూర్వ విద్యార్థులారా! గేమ్ ఎక్కించే బాధ్యత మీది. తాపీ మేస్త్రీలారా, వడ్రంగులారా! మీరూ ల్యాబ్‌కు తప్పకుండా రావాలి. పిల్లలు కట్టిన గోడ నిలుస్తుందో లేదో, ఎంత ఇటుక పడుతుందో వాళ్లకు చెప్పగలిగింది మీరే. వచ్చేటప్పుడు కొలత టేపు తెచ్చుకోండి.

ఇట్లు,
బడి పిల్లల తల్లిదండ్రులు, పూర్వ విద్యార్థులు