“పాజిటివ్” అనే విశేషణం – ఆలయ సాన్నిధ్యం

“ఈ దేవాలయంలో పాజిటివ్ ఎనర్జీ ఎక్కువ” అన్న మాట నేడు భక్తుల నోట నిత్యం వినవస్తున్నది. స్తుతిగా పలికే ఈ విశేషణం నిజానికి ఆలయమహిమను తగ్గిస్తున్నది. అంతకు మించి, ఆర్తుణ్ణి ఆలయానికి దూరం చేస్తున్నది.

మొదట శబ్దార్థ విచారం. ఈ ఆంగ్లపదానికి మూలం “ఉంచుట, నెలకొల్పుట” అని అర్థమిచ్చే లాటిన్ ధాతువు. మానవులు విధించుకున్న శాసనానికి ఆంగ్లంలో ఈ విశేషణమే వాడతారు. విద్యుత్తులో ఒక జాతి ఆవేశానికి ఇదే పేరు. ఆ ఆవేశం మంచిదని కాదు, అది కేవలం సంకేతం. వైద్యంలో వెదకిన వ్యాధి కనబడితే ఫలితం పాజిటివ్. 2020లో ఆ మాటకు ఎన్ని ఇళ్లు వణికినవో అందరికీ తెలుసు. ఫ్రాన్సు దేశీయుడైన ఆగస్ట్ కోంత్ 19వ శతాబ్దంలో ప్రతిపాదించిన పాజిటివ్ దర్శనమైతే, దైవచింతనను మానవబుద్ధి దాటిపోవలసిన పూర్వదశగా నిర్ణయించింది. అట్టి పదమా గర్భాలయానికి భూషణం?

“శుభమనే అర్థంలోనే కదా వాడుతున్నాము” అని సమాధానం రావచ్చును. రూఢ్యర్థాన్ని కాదనరాదు. కాని ఈ పదం ఒంటరిగా రాదు. నెగటివ్ అనే తోడును వెంటబెట్టుకొని వస్తుంది. నిషేధమంతా అశుభమైతే అహింస, అభయం, అనంతం, అచ్యుతుడు, అద్వైతం అన్న మాటల గతి ఏమి? బృహదారణ్యకం పరబ్రహ్మను నిషేధముఖంగా బోధించింది గదా! పాజిటివ్ అంటే సత్త్వగుణమని సర్దుకొనుటకూ వీలు లేదు. సత్త్వం కూడా సుఖసంగంచేత బంధిస్తుందని గీత 14వ అధ్యాయం హెచ్చరించింది.

అసలైన అనర్థం వేరే ఉన్నది. “నెగటివ్ మనుషులకు దూరంగా ఉండండి” అన్నది నేటి ఉపదేశం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి మండపంలో కన్నీరు పెడితే, తమ ప్రశాంతత చెడుతుందని ప్రక్కవారు లేచిపోతున్నారు. శాస్త్రమూ ఆశౌచం విధించింది. అయితే దానికి దినసంఖ్య ఉన్నది, చివర శుద్ధి ఉన్నది. ఈ విశేషణం వేసే ముద్రకు అవధి లేదు, ప్రాయశ్చిత్తం లేదు.

గీత ప్రథమాధ్యాయానికి పేరు అర్జున విషాదయోగం. విల్లు విడిచి కూలబడిన వానిని భగవానుడు రథం దిగిపొమ్మనలేదు. ఆ శోకాన్నే ఉపదేశానికి ద్వారం చేసినాడు. తన్ను భజించేవారు నాలుగు విధాలని 7వ అధ్యాయంలో చెప్పినప్పుడు ముందుగా పేర్కొన్నది ఆర్తుణ్ణే.

ప్రతిష్ఠ జరిగిన మూర్తియందు ఉన్నది సాన్నిధ్యం. సాన్నిధ్యమంటే స్వామి దగ్గర ఉండుట. ఎనర్జీని కొలువవచ్చినవాడు కొలత తగ్గిననాడు మరొక గుడి వెదకుకొంటాడు. సన్నిధికి వచ్చినవాడు ఏడ్చైనా అక్కడే నిలుస్తాడు. అట్టివాడు ప్రక్కన కూర్చున్నప్పుడు లేచి వెళ్ళక, కాస్త చోటిచ్చుటే భక్తుని ధర్మం.