గుండెకు మాసిక

గుండెపోటు వచ్చి గట్టెక్కాడనుకున్న మనిషి, నాలుగైదు రోజులకు ఉన్నట్టుండి ఆయాసపడి కుంగిపోవటం కద్దు. రక్తం అందక చచ్చుబడిన కండరం మెత్తబడి, గుండె కింది గదుల నడుమ గోడకు చిల్లు పడుతుంది. అరుదే కాని, పడితే ప్రాణగండం. రొమ్ము కోసి కుడదామన్నా నానిన గుడ్డలాంటి ఆ గోడలో కుట్టు నిలవటం కష్టం.

ఇప్పుడు కొందరికి మరో దారి ఉంది. తొడ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, చిల్లుకు అటూ ఇటూ విచ్చుకునే తీగ బిళ్లలతో మాసిక వేస్తారు. గొట్టం గుండెదాకా పోగలదని 1929లో జర్మన్ వైద్యుడు ఫోర్స్‌మన్ తన చేతి నరంలోనే దూర్చుకుని చూపాడు. 1956లో నోబెల్ బహుమానం పొందాడు. మన హైదరాబాదులో డాక్టరు సోమరాజు, అబ్దుల్ కలాంగారు కలిసి 1990లలో చౌక స్టెంటు తయారుచేయించారు. బీదలకు సర్కారు ఖర్చుతో పెద్ద వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాలలో మన పాలమూరు ఒకటి.

అయినా నేను చెప్పేదొకటే. మాసిక కన్నా చిరుగు పడకుండా చూసుకోవటం మేలు. నల్లగొండ నుంచైనా, పాలమూరు నుంచైనా హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. రొమ్ము బరువెక్కి చెమటలు పడితే వాయువంటూ సోడా తాగిస్తూ కూర్చోకండి. 108కి ఫోను చేసి, దగ్గరి పెద్దాసుపత్రిలో ఇ.సి.జి. తీయించండి. గడ్డ కరిగించే సూది వేళకు పడితే కండరం దక్కుతుంది. ఆడవారికి ఒక్కోసారి నొప్పి లేకుండా వట్టి ఆయాసం, వికారమే కనబడతాయి. వంట పూర్తికానీ అని ఓర్చుకోకండి, తల్లీ!