బెల్టుకన్నా ముందు బంగారం!

ఎన్ని దెబ్బలు తిన్నా ముందుకే వస్తాడని దక్షిణ కొరియా ఫైటర్ జంగ్ చాన్-సంగ్‌ని 'కొరియన్ జాంబీ' అంటారు. బాక్సింగ్, కుస్తీ, జూడో కలగలిసిన ఎంఎంఏ పోటీల్లో అతడో సంచలనం. 2013 ఆగస్టులో అమెరికా సంస్థ యూఎఫ్‌సీ టైటిల్ కోసం జోస్ ఆల్డోతో తలపడ్డాడు. నాలుగో రౌండులో భుజం జారింది, టైటిల్ చేజారింది. ఆపైన నిర్బంధ సర్వీసు. మళ్లీ బరిలోకి దిగింది 2017 ఫిబ్రవరిలో... ఇరవయ్యారేళ్ల కుర్రాడు ముప్ఫైకి దగ్గరయ్యాక! 2022లో రెండో అవకాశమూ పోయింది. 2023లో అతడు రిటైరయ్యేనాటికి ఒక్క కొరియన్ కూడా యూఎఫ్‌సీ ఛాంపియన్ కాలేదు.

కొత్తవాళ్లకు కొదవలేదు. యూ జూ-సాంగ్ 2025 జూన్‌లో తన తొలి యూఎఫ్‌సీ పోరును 28 సెకన్లలోనే ముగించాడు. అక్టోబరులో ఓడిపోయాడనుకోండి, అది వేరే సంగతి.

అసలు చిక్కంతా వయసుతోనే. ఆరోగ్యవంతుడైన ప్రతి యువకుడూ కనీసం ఏడాదిన్నర దేశానికి ఇవ్వాల్సిందే. ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిస్తే మినహాయింపు. ఫుట్‌బాల్ స్టార్ సన్ హ్యుంగ్-మిన్ 2018లో అలాగే గట్టెక్కాడు. ఎంఎంఏ కుర్రాళ్లకు ఆ దారే ఉండేది కాదు. 2026 ఐచి-నగోయా క్రీడల జాబితాలో తొలిసారి వాళ్ల ఆటకూ చోటిచ్చారు. కాకపోతే ఆ క్రీడలు నాలుగేళ్లకోసారి... ఒక్కో విభాగానికీ బంగారం ఒక్కటే.