పాట పెంచే చెయ్యి

కొత్తపేట వాసులకు వేలంపాట కొత్త కాదు. గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయేంత వరకు మామిడి, బత్తాయి రాశుల మీద పాటలు వింటూనే గడిపాము. అయితే గత నెలలో మా వీధి కుటుంబమొకటి మా వద్దకు తెచ్చిన సమస్య పండ్లది కాదు. అరచేతిలో ఇమిడే ఒక ఇంగ్లీషు డబ్బీది.

రాగిరేకు మీద గాజుపొడి పూసి, కొలిమిలో కాల్చి, పూలతీగ చిత్రించిన డబ్బీ అది. మన నగల మీది మీనా పనికి దూరపు చుట్టం. పద్దెనిమిదవ శతాబ్దపు ఇంగ్లండులో ఇటువంటి వాటిలో ముక్కుపొడి దాచుకునేవారు. విదేశీ కళావస్తువుల సేకరణ మన నగరానికి పాత అలవాటే. మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరణే 1951లో మ్యూజియంగా తెరుచుకుంది. ఈ డబ్బీని మాత్రం ఆ ఇంటి పెద్దాయన ఎన్నడో పాత సామాన్ల వేలంలో కొన్నారట. ఆయన మరణానంతరం, చెల్లెలి కళాశాల ఫీజు కోసం కుమారులు దానిని ఆన్‌లైన్ వేలంలో పెట్టదలచారు.

వారి ఆలోచనలు రెండు. డబ్బీని ‘బాటర్‌సీ’ది అని ప్రకటించడం ఒకటి, జిద్దాలోని బావమరిది చేత పాట పెంచించడం రెండవది. “భాయిసాబ్, వ్యాపారంలో ఇది మామూలే కదా!” అన్నాడు పెద్ద కుమారుడు.

బాటర్‌సీ కార్ఖానా నడిచినది 1753 నుండి 1756 వరకే. ఆ పేరుతో చలామణి అయ్యే డబ్బీలలో అధికభాగం స్టాఫర్డ్‌షైర్ ప్రాంతానివి. కొన్నయితే పందొమ్మిదవ శతాబ్దంలో పారిస్‌లోని సామ్సన్ సంస్థ చేసిన అనుకరణలు. తెలియని పేరును తెలిసినట్లు చెప్పి ధర పెంచడం, ధాన్యపురాశిలో తడిసిన గింజలను అడుగున దాచడం వంటిదే. ఆ రాశిలో దైవప్రవక్త (స) చేయి పెట్టి చూసి, మోసగించేవాడు తనవాడు కాడని హెచ్చరించిన ఉదంతం మన పాఠకులకు తెలిసినదే.

వేలం స్వతహాగా తప్పు కాదు. సాయం కోరి వచ్చిన ఒక అన్సారీ ఇంటినుండి కప్పుకునే గుడ్డను, నీళ్ళ పాత్రను తెప్పించి, “ఇంతకన్నా ఎక్కువ ఎవరిస్తారు?” అని అడిగి, రెండు దిర్హములకు అమ్మిపెట్టినది దైవప్రవక్తే (స). ఒక దిర్హమ్ కుటుంబపు ఆహారానికి, మరొకటి గొడ్డలికి. ఆ గొడ్డలికి పిడి తమ చేతులతోనే అమర్చారు. అక్కడ పాట పెంచినవాడు నిజంగా కొనదలచినవాడు. కొనే ఉద్దేశం లేకుండా ఇతరులను రెచ్చగొట్టేందుకు ధర పెంచడాన్ని ‘నజష్’ అంటారు. దానిని హదీసు స్పష్టంగా నిషేధించింది. అలా మోసపోయిన కొనుగోలుదారునికి బేరం రద్దు చేసుకునే హక్కు ఉందని మాలికీ ధర్మవేత్తలు చెప్పారు. జిద్దాలో కూర్చున్న చెయ్యి కంటికి కనబడదు కనుక తప్పు తగ్గిపోదు.

ఇంతకు తగ్గితే ఇవ్వలేమని కనీస ధరను ముందే ప్రకటించవచ్చు, అందులో దాపరికమేమీ లేదని చెప్పాము. పెద్ద కుమారునికి ఇది అంతగా రుచించలేదు. వారి తల్లి మాత్రం ప్రకటనను తిరిగి రాయించారు: ‘పాత ఇంగ్లీషు మీనా డబ్బీ. ఎక్కడ తయారైనదో నిర్ధారణ కాలేదు. మూత అంచున సన్నని పగులు ఉంది.’ ఆ పగులు సంగతి అంతవరకు మాకూ చెప్పలేదు!

“ఎవరూ పాడకపోతే?” అని అడిగారామె.

“మళ్ళీ అల్మరాలో పెట్టుకోండి, ఆపా. ఫీజు సంగతి మనందరం కూర్చుని ఆలోచిద్దాం” అన్నాము. వేలం వచ్చే వారం.