ర్యాంకు నిర్ణయించే చదువు

వేసవి వచ్చిందంటే జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల వీధులు ర్యాంకులతో నిండిపోతాయి. కరెంటు స్తంభానికొక ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా ముఖాలు, ముఖం కింద ఒక అంకె. పదవ తరగతి ముగిసిన పిల్లలు ఇంటర్‌లో ఏ గ్రూపు చదవాలో ఈ ఫ్లెక్సీలే నిర్ణయిస్తున్నాయి. నీకు ఏది ఇష్టమని అడిగే పెద్దలు అరుదు. ఎం.పి.సి. అయితే ఇంజనీరు, బై.పి.సి. అయితే డాక్టరు. హెచ్.ఇ.సి. అన్న మాట వినబడితే ఇంట్లో ఎవరో పోయినట్లు ముఖాలు పెడతారు. గండికోట నీడలో పుట్టిన పిల్లకు చరిత్ర చదివే యోగం లేదు.

ఇంతటి అధికారం చెలాయించే ర్యాంకు ఎంత గట్టిదో చూద్దాం. 23 లక్షల మందికి పైగా రాసిన 2024 నీట్‌లో మొదట 67 మందికి ప్రథమ ర్యాంకు ప్రకటించారు. పరమాణువులకు సంబంధించిన ఒకే ఒక్క ప్రశ్నకు రెండు జవాబులనూ అంగీకరించడం వల్లనే వారిలో 44 మందికి పూర్తి మార్కులు వచ్చాయి. ఒక్క జవాబే సరైనదని సుప్రీంకోర్టు తేల్చిన తరువాత తుది జాబితాలో ప్రథములుగా మిగిలినవారు 17 మంది. ఆ కొద్ది వారాలలో ఏ బిడ్డ తెలివీ పెరగలేదు, తరగలేదు. ఒక్కసారి రక్తపోటు చూసి జీవితాంతం మాత్రలు రాసే వైద్యుణ్ణి మీరు నమ్ముతారా?

పేదవానికి ర్యాంకే దిక్కు, అది లేకపోతే సిఫారసులూ డొనేషన్లూ రాజ్యమేలుతాయని కొందరు వాదిస్తారు. ఆ మాటలో నిజముంది. నేను ప్రవేశ పరీక్షకు వ్యతిరేకిని కాను. వైద్యం చదవాలని కోరుకునేవారిలో ఎవరికి సీటివ్వాలో చెప్పడం వరకే దాని పని. ఎవరు ఏది కోరుకోవాలో చెప్పడం దాని పని కాదు.

ఎం.పి.సి.లో చేరిన కుర్రవాడు పదహారవ ఏటనే తన దేహాన్ని గురించి చదవడం మానేస్తాడు. బై.పి.సి.లో చేరినవాడు గణితానికి స్వస్తి చెబుతాడు. రేపు డాక్టరయ్యాక, ఫలానా మందు నూరుమందిలో ఎందరికి నిజంగా మేలు చేస్తుందో లెక్కగట్టలేక కంపెనీ ప్రతినిధి చూపిన శాతాలకు తలూపుతాడు. ఇటువంటివారిని నేను చాలామందిని చూశాను. ఇక భాష సంగతి. పుట్టపర్తి నారాయణాచార్యులవారు సంస్కృతాన్నీ తెలుగునూ మథించిన ప్రొద్దుటూరులో, నేటి పిల్లలు మార్కుల కోసం తెలుగు విడిచి సంస్కృతం తీసుకుంటున్నారు. చివరకు రెండూ రావు.

ఇష్టంలేని చదువు శరీరానికీ తెలుస్తుంది. హాస్టలు నుండి వచ్చే పిల్లలు కడుపునొప్పి, తలనొప్పి, నెలసరి తప్పడం వంటి బాధలు చెప్పుకుంటారు. స్కానింగుల్లో తరచుగా ఏమీ కనబడదు. ఎన్ని గంటలు నిద్రపోతున్నావని అడిగితే ఐదు అంటారు. ఆ వయసుకు ఎనిమిది నుండి పది గంటల నిద్ర అవసరం. చదివినది మెదడులో కుదురుకొనేది నిద్రలోనే! నిద్ర మాన్పించి చదివించడమంటే చిల్లికుండలో నీళ్లు పోయడమే.

విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ మరణించిన 17 ఏళ్ల విద్యార్థిని కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. మార్కులను బట్టి పిల్లలను బ్యాచీలుగా విడదీయడం, నలుగురిలో అవమానించడం మానుకోవాలని చెప్పింది. నూరుమంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న సంస్థలో కౌన్సెలరు ఉండాలన్నది. ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు ఆ కౌన్సెలరు గది ఎక్కడుందో చూపించమని అడగాలి. 2025-26 నుండి మన ఇంటర్ బోర్డు గణితం, జీవశాస్త్రం రెండూ చదువుకొనే ఎం.బై.పి.సి.కి కూడా వీలు కల్పించింది. మీ ఊరి కళాశాలలో అది ఉందో లేదో కనుక్కోండి. లేదంటే ఎందుకు లేదో ప్రిన్సిపాలునే అడగండి, బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని.